చెప్పులు విప్పే నెలలో బూట్ల మూట

కెరమెరి వైపు వెళ్తున్నానంటే అందరూ మంకీ క్యాప్ పెట్టుకొమ్మన్నారు, మంచినీళ్ల సీసా మరిచిపోవద్దన్నారు. ఏ నెలలో వెళ్తున్నానో చూసుకొమ్మని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మీరైనా చూసుకుని వెళ్తారని ఇది రాస్తున్నాను.

కరీంనగర్: మెట్ల కింద మూట

నాకు ఫికర్ పుట్టుకతో వచ్చింది. ముప్పై ఏళ్లు బళ్లలో పీటీ సారుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు పరుగెత్తుతుంటే పడతారేమోనని కళ్లు మూసుకునే పీటీ సారు కరీంనగర్ మొత్తానికి నేనొక్కణ్నేనని మా ఆవిడ లక్ష్మి చుట్టాలందరికీ చెబుతుంది. అబద్ధమేమీ కాదు.

మా కాలనీలో పొద్దున్నే నడిచేవాళ్లం కలిసి, పిల్లలు ఆడి వదిలేసిన ఫుట్‌బాల్ బూట్లు, పిక్కల ముందు కట్టుకునే గార్డులు, నాలుగు బంతులు పోగుచేశాం. ఆఫ్రికాలో పేద పిల్లలకు పంపిస్తానని ఒక పెద్దమనిషి మాటిచ్చాడు. ఓడ ఖర్చు ఎంతో తెలిశాక ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. మూట మా మెట్ల కింద మూడు నెలలు పడి ఉంది. సముద్రం దాటాల్సిన బూట్లు ఇంటి గడప దాటలేదని లక్ష్మి రోజూ దెప్పేది.

అప్పుడు జ్యోతి ఫోన్ చేసింది. నేను బెల్లంపల్లిలో పనిచేసినప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల, బొగ్గుగని కార్మికుడి బిడ్డ. ఇప్పుడు కెరమెరి దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో పీటీ మేడం. అక్కడికి బదిలీ అయి ఆరు నెలలు.

"సార్, వచ్చే ఆదివారం ఆసిఫాబాద్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచులున్నయి. పోయినేడు మా పిల్లలు ఉత్తకాళ్లతోని పోతే గేటు కాడికెళ్లే ఎల్లగొట్టిండ్రట. బూట్లు, గార్డులు లేకుంటే లోపలికి రానియ్యరట. గీసారి గూడ ఆడకుండ తిరిగొస్తే టీమే బంద్ చేస్తరట సార్. పదకొండు మందే ఉన్నరు. పదకొండు జతలు కావాలె."

పాదాల కొలతలు పంపమన్నాను. స్కేలు పెట్టి కొలిచి పంపింది. మూటంతా నడింట్లో పరిచి చూస్తే ఎనిమిది జతలే సరిపోయాయి. మూడు తక్కువ. ఆ పూట అన్నం సయించలేదు.

"ఏందయ్యా, మ్యాచ్ ఆడేది మీరా, ఆ పిల్లలా?" అంది లక్ష్మి. సర్వపిండి కట్టిచ్చి, గురువారం పొద్దున బస్టాండుకు తోలింది.

పెద్దపల్లి దాకా నిలబడి

ఇప్పుడు మా దగ్గర బస్సంటే ఆడవాళ్లదే. ఆధార్ కార్డు చూపించి ఎక్కుతారు, సీట్లు నిండుతాయి, మనం కడ్డీ పట్టుకుని నిలబడతాం. నేను మూటను రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని నిలబడ్డాను. కండక్టరమ్మ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏమున్నదే పెద్దమనిషీ మూటల? గింత గబ్బు వాసన?"

"బూట్లమ్మా. పేద పిల్లలకు."

"ఆడోళ్లకు ఫ్రీ. నీకు టికెట్. నీ బూట్లకు లగేజి" అంటూ రెండూ చింపి చేతిలో పెట్టింది. చుట్టూ ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

కిటికీ పక్కన మంథని వెళ్లే ఒకావిడ ఉంది. పెద్దపల్లిలో దిగి బస్సు మారుతుందట. ఒడిలో వంకాయల సంచి. నా మూట వంక చాలాసేపు చూసి అడిగింది: "వాడినయా అన్నా?"

"వాడినవే. మంచిగున్నయి."

"గట్ల కాదన్నా. ఏల్నాటి శని పట్టినోళ్లు గుడికాడ చెప్పులు ఇడిచి పోతరు గదా, అది పోవాలని. ఒకళ్లు ఇడిచిన చెప్పులు ఇంకోళ్లకు ఇయ్యొచ్చునా? పిల్లల తల్లులు ఏమనుకుంటరో."

ఆవిడ తన మానాన తను దిగిపోయింది. నాకు సీటు దొరికింది గానీ కూర్చున్న సుఖం లేదు. ఎవరి పీడనో మూటగట్టి ఆడపిల్లల కాళ్లకు తొడగబోతున్నానా అని గోదావరి బ్రిడ్జి వచ్చేదాకా అదే ఆలోచన. బ్రిడ్జి మీద అందరూ నీళ్లలోకి చిల్లర విసిరారు. నేనూ పది రూపాయల బిళ్ల విసిరాను. అది కడ్డీకి తగిలి బస్సులోనే పడింది. ఎక్కడ పడిందో వెతుక్కునే ధైర్యం చాలలేదు.

బెల్లంపల్లి: మూడు జతలు

బెల్లంపల్లిలో మల్లయ్య నా పాత స్నేహితుడు. గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు కార్మికుల జట్టుకు గోల్‌కీపర్. ఫోన్‌లో మూడు జతలు ఇస్తానన్నాడు గానీ, తీరా వెళ్తే ఏమంటాడోనని బస్టాండు నుంచి ఆటోలో రెండుసార్లు ఫోన్ చేశాను.

"ఇస్తనంటి గద నాయినా! వచ్చి తీసుకపో, జర ఊపిరి పీల్చుకో" అన్నాడు.

కంపెనీ క్వార్టర్లలో సగం ఇళ్లకు తాళాలు. వేపచెట్ల కింద పెంకుటిళ్ల వరుసలు అలాగే ఉన్నాయి, మనుషులే పలచబడ్డారు. మేం ఆడిన మైదానంలో గోల్ కర్రలు ఉన్నాయి, వాటి మధ్య ఎవరో వడ్లు ఆరబోశారు.

"షిఫ్టు దిగి, మొఖం గూడ కడుక్కోకుండ వచ్చి ఆడేటోళ్లం. బొగ్గు మొఖాలకు ఎవడు ఏ టీమో తెల్వకపోయేది" అని మల్లయ్య నవ్వాడు. నవ్వుతూనే అటకమీది నుంచి అట్టపెట్టె దించాడు. అందులో వాళ్ల అబ్బాయి చిన్నప్పటి బూట్లు, అన్నకొడుకులవి. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. తోలు అట్టలా బిగుసుకుపోయి ఉంది.

ఇవి పనికిరావనుకున్నాను. మల్లయ్య భార్య పోచమ్మ మాత్రం ఆముదం సీసా, పాత చీర ముక్క తెచ్చుకుని గడపలో కూర్చుంది. పొద్దుగూకేదాకా మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఆ మూడు జతలే కాక మిగతా ఎనిమిదింటినీ కూడా తుడిచి, నూనె పట్టించి, వాకిట్లో వరుసగా పెట్టారు. మా కరీంనగర్‌లో చుట్టం వస్తే తింటారా అని అడిగి పెడతాం. ఇక్కడ అడగడం లేదు. చేపల పులుసు, అన్నం పళ్లెంలో పెట్టి ముందుకు జరిపారు, అంతే. బస్సులో మంథని ఆవిడ అన్న మాట చెబితే, రెండోసారి వడ్డిస్తూ పోచమ్మ అంది: "శని గిని ఏం లేదన్నా. ఆడుకున్న పిల్లల బూట్లు ఆడుకునే పిల్లలకు పోతున్నయి. తిను."

ఆ రాత్రి నిద్రపట్టింది. మల్లయ్య గురక పెట్టినా పట్టింది.

కెరమెరి: రాం రాం

శుక్రవారం ఆసిఫాబాద్‌లో దిగి షేర్ జీపు ఎక్కాను. దారి పక్కన అటవీశాఖ బోర్డు: పులి తిరుగుతోంది, ఒంటరిగా వెళ్లవద్దు. జీపులో పద్నాలుగు మందిమి ఉన్నాం కాబట్టి ఒంటరితనం లేదుగానీ, నేను మాత్రం వెనక తలుపు దగ్గర, ఒక కాలు బయట పెట్టి కూర్చున్నాను. పులి వస్తే ముందు నేనే. డ్రైవర్‌ని అడిగితే "మొన్న ఎద్దును కొట్టింది సార్, మనిషి జోలికి రాలే" అన్నాడు. అదేదో ధైర్యం చెప్పినట్టు.

ఒక సంగతి జీపులోనే చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు. నా ఎదురుగా కూర్చున్న గోండు ఆడవాళ్లు నలుగురి కాళ్లకూ చెప్పుల్లేవు. పాపం, పేదవాళ్లు అనుకున్నాను. నా మూటను తట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆశ్రమ పాఠశాల ఆవరణలో పదకొండు మంది ఆడపిల్లలు వరుసగా నిలబడి రెండు చేతులూ జోడించారు. "రాం రాం సార్!" ఆ ఊళ్లల్లో నమస్తే కంటే ఇదే ఎక్కువ. జ్యోతి నా కాళ్లకు మొక్కబోతే ఆపి, మూట విప్పాను. పోచమ్మ నూనె రాసిన బూట్లు నల్లగా మెరిశాయి. పిల్లలు వంగి చూశారు. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. ఒక పిల్ల గార్డును ముంజేతికి కట్టుకుని చూసింది.

"తొడుక్కోండ్రి, తొడుక్కోండ్రి" అన్నాను.

నలుగురు తొడుక్కున్నారు. ఏడుగురు కదల్లేదు. బూట్లను చేతుల్లోకి తీసుకుని, మళ్లీ జాగ్రత్తగా కింద పెట్టి, నేల చూపులు చూశారు. సైజు తప్పిందా? వాసనా? మంథని ఆవిడ మాట నిజమైందా? 

జ్యోతి కోపంగా అడిగితే కెప్టెన్ ముందుకొచ్చింది. పేరు సోంబాయి. తొమ్మిదో తరగతి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది.

"పుష్యం నెల గద మేడం. జంగుబాయి మొక్కు. చెప్పులు ఏసుకోం."

"నెల దినాల కింద బూట్లు కావాలెనా అంటే కావాలె అంటిరి గదనే!"

"కావాలె గద మేడం" అంది సోంబాయి. "ఎప్పుడు ఏసుకుంటరు అని మీరు అడుగలే."

జంగుబాయి ఆ కొండల్లో గుహలో ఉన్న తల్లి. పుష్యమాసంలో ఆమెకు మొక్కుకున్న ఇళ్లల్లో చెప్పులు వేసుకోరు. ఈ ఏడుగురూ ఒకే గూడెం పిల్లలు. జ్యోతికి ఇది మొదటి పుష్యం. నేనేమో శ్రావణంలో మాంసం మానే ఇంట్లో పుట్టి కూడా, ఇంకొకరికీ ఒక నెల ఉంటుందని అనుకోలేదు. బూట్లు ఉన్నాయి, ఆడే పిల్లలున్నారు, ఆదివారం రెండు రోజుల్లో ఉంది. నలుగురితో ఏ జట్టూ మైదానంలోకి దిగదు.

ముసలమ్మ అడిగిన ప్రశ్న

ఆ సాయంత్రమే గూడెం వెళ్లాం. సోంబాయి వాళ్ల నాయనమ్మ ఇంటిముందు కందిపప్పు చెరుగుతోంది. ఆ ఏడు ఇళ్లకూ ఆవిడ మాటే మాట అని సోంబాయి దారిలో చెప్పింది. నేను గడప బయటే చెప్పులు విప్పేశాను. భయానికో భక్తికో నాకే తెలియదు.

జొన్న రొట్టె, పప్పు, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టారు. ఉప్పు తక్కువ, కారం ఎక్కువ. కారానికి నా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే జ్యోతి విషయం చెప్పింది. ముసలమ్మ చివరిదాకా విని నా వైపు తిరిగింది.

"గా ఆట మా నెలలనే ఎందుకు పెట్టిండ్రు?"

"తెల్వదమ్మా."

"నువ్వు పెద్దసారువు గద. నీకు తెల్వదా?"

 ముప్పై ఏళ్లు ఎన్నో మ్యాచులకు తేదీలు పెట్టాను. పరీక్షలు చూశాను, పండగలు చూశాను, వానలు చూశాను. ఈ నెల ఎప్పుడూ చూడలేదు. ఆ మాటే చెప్పాను. క్షమించమని కూడా అన్నాను.

ముసలమ్మ చేట పక్కన పెట్టింది. చాలాసేపు గోండిలో ఇంట్లోవాళ్లతో మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాక నేను జ్యోతి మొహం చూస్తే, ఆమె నా మొహం చూసింది. మధ్యలో ఒకాయన గొంతు పెంచాడు, ముసలమ్మ ఇంకా పెంచింది. చివరికి తెలుగులో చెప్పింది.

"మేము బుధవారం పోదామనుకున్నం తల్లి తానికి. తల్లిని చూసి, ఇంటికచ్చి దీపం పెట్టినంక మా ఇండ్లల్ల చెప్పులు ఏసుకుంటరు. రేపు పోదం. పొద్దు గూకేటాళ్లకు దీపం పెట్టాలె. పెట్టకపోతే ఆట లేదు. జీపు నువ్వు తే."

జంగుబాయి

జీపు మూడువేలన్నాడు. మారుమాట లేకుండా సరేనన్నాను. వార్డెన్ దగ్గర జ్యోతి కాగితం మీద అనుమతి తీసుకుంది. శనివారం పొద్దున ఏడుగురు పిల్లలు, ముసలమ్మ, ముగ్గురు తల్లులు, మేమిద్దరం. జీపు ఆగిన చోటు నుంచి కొండదారి.

"చెప్పులు జీపుల ఇడువు సారూ" అంది ముసలమ్మ.

పిల్లలకు బూట్లు తొడగడానికి వచ్చినవాణ్ని, ఉత్తకాళ్లతో రాళ్లమీద నడిచాను. పది అడుగులకు ఒకసారి "అబ్బా" అనేవాణ్ని. పిల్లలు మేకపిల్లల్లా ముందుకు దూకి, ఆగి, వెనక్కి చూసి నవ్వేవాళ్లు. సోంబాయి నా చెయ్యి పట్టుకుని ఎక్కడ కాలు పెట్టాలో చూపించింది: "వేళ్ల మీద పెట్టు సార్. మడిమ మీద బరువు ఎయ్యకు." నా ఉద్యోగమంతా పిల్లలకు నేను చెప్పిన మాట అది. నడుస్తూ ఉండగా అర్థమైంది, ఆ పాదాలు దేనికీ తక్కువ కావు. నియమం రాసినవాళ్లకు మాత్రం అవి కనిపించవు.

గుహలోకి వంగి వెళ్లాలి. లోపల చల్లగా, నూనె దీపాల వాసన. నేను చేతులు జోడించి, తల్లీ, పొద్దుగూకేలోపు ఇంటికి చేర్చు అని మాత్రమే అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు. బయట మూడు రాళ్ల పొయ్యిల మీద వంటలు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్లు మరాఠీలో, ఇటువాళ్లు తెలుగులో, అందరూ కలిసి గోండిలో మాట్లాడుకుంటున్నారు. నైవేద్యం పూర్తయ్యేదాకా ఎవరూ తొందరపడలేదు. నేనొక్కణ్నే గడియారం చూసుకుంటున్నాను. మూడు దాటింది. మూడున్నర.

"సారుకు కడుపునొప్పా?" అని ఒక తల్లి జ్యోతిని అడిగింది.

తిరుగుదారిలో, ఇంకా సగం దూరం ఉండగా టైరు పంక్చరయింది. స్టెప్నీలో కూడా గాలి సగమే. డ్రైవర్ తాపీగా బీడీ ముట్టించబోతుంటే నేను అరిచాను. జీవితంలో అలా ఎప్పుడూ అరవలేదు. బీడీ జేబులో పెట్టుకుని టైరు మార్చాడు. సగం గాలితో ఎద్దుబండి వేగాన నడిపాడు. ఎండ చెట్ల చివరలకు పాకింది. ముసలమ్మ మాత్రం కిటికీ పక్కన ఏదో పాడుకుంటూ కూర్చుంది.

గూడెం చేరేసరికి పొద్దు కొండ అంచున ఉంది. పిల్లలు జీపు ఆగకముందే దూకి పరుగెత్తారు. ఏడు ఇళ్లల్లో ఒకదాని తర్వాత ఒకటి దీపాలు వెలిగాయి. లెక్క తప్పిందేమోనని రెండుసార్లు లెక్కపెట్టాను. ఏడూ వెలిగాయి.

ఆసిఫాబాద్ మైదానం

ఆదివారం పొద్దున గేటు దగ్గర రెఫరీ నిలబడ్డాడు. పిల్లలు వరుసలో ఉన్నారు. బూట్లు తొడుక్కుని గంట కూడా కాలేదు, కొత్తగా లాడాలు కొట్టిన కోడెల్లా కాళ్లెత్తి వేస్తున్నారు. రెఫరీ ఒక్కొక్కరి ముందూ ఆగి, బూటు చూశాడు, పిక్క తట్టి గార్డు చూశాడు. పదకొండో పిల్ల దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాడు. 

"పోండ్రి లోపలికి" అన్నాడు.

జ్యోతి ఏడ్చేసింది. నేను ఛాయ్ కొట్టు వెనక్కి వెళ్లాను. పది రూపాయల ఛాయ్ చల్లారిపోయింది. చూసే ధైర్యం లేదు. వచ్చే కేకలను బట్టి రెండు గోల్స్ పడ్డాయని, రెండూ మన వలలోనేనని తెలిసింది. పట్నం బడి పిల్లలు, ఏళ్ల తరబడి బూట్లతో ఆడినవాళ్లు. మన పిల్లలు పరుగెత్తబోతే బూటు నేలలో దిగబడుతోందని ఛాయ్ కొట్టతను చెప్పాడు. ఒకరిద్దరు పడ్డారట. ఆడకుండా వెనక్కి రావడం ఒక అవమానం, ఆడి నవ్వులపాలు కావడం ఇంకొకటి. నేనే తెచ్చిపెట్టానా ఇదంతా అనుకున్నాను.

రెండో సగంలో ఇక ఉండలేక గీత దగ్గరికి వచ్చాను. అప్పుడే సోంబాయికి బంతి దొరికింది. ఒకరిని దాటింది. ఇంకొకరు అడ్డం వచ్చి కాలు తగిలించారు. కుడికాలి బూటు ఊడి గాల్లోకి లేచింది. ఆమె ఆగలేదు. రెండు అడుగులు వేసి, ఆ ఉత్త పాదంతోనే కొట్టింది. గోల్‌కీపర్ బూటు వంక చూసిందో, బంతి వంక చూసిందో గానీ కదల్లేదు. బంతి వలలో పడింది.

అవతలి కోచ్ మైదానంలోకి దూసుకొచ్చాడు. "బూటు లేకుంట కొట్టింది! చెల్లది! చెల్లది!"

 రెఫరీ బూటును చూశాడు, పిల్లను చూశాడు, విజిల్ నోట్లోంచి తీశాడు.

"కావాలని ఇప్పలేదు. ఆడంగ ఊడింది, అదే ఊపుల కొట్టింది. గోలే." తర్వాత సోంబాయితో అన్నాడు: "గాని బూటు తొడిగితేనే మళ్ల ఆట. జల్ది."

సోంబాయి బూటు తీసుకుని, నేనున్న వైపు గీత దగ్గరికి వచ్చి కాలు దూర్చింది. లేసులు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది. పొద్దున జ్యోతి కట్టింది. ఆమెకు కట్టడం రాదు. జ్యోతి అవతలి గట్టున ఉంది.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. సోంబాయి భయపడి కాలు వెనక్కి లాక్కుంది.

"వద్దు సార్! పెద్దోళ్లు, మీరు నా కాలు ముట్టొద్దు సార్!"

"ఇటు పెట్టు బిడ్డా."

పెట్టింది. మట్టి, గోళ్లు, నిన్నటి కొండదారి గీరలు. ముడి రెండుసార్లు జారిపోయింది. ఇటు రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు, అటు కోచ్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. మూడోసారి బిగించి, దాని మీద ఇంకో ముడి వేశాను.

సోంబాయి వంగి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఫికర్ వడకు సార్. ఇంకా పది నిమిషాలున్నయి" అని మైదానంలోకి పరుగెత్తింది.

ఆ పది నిమిషాలూ నేను లేవలేదు. మోకాళ్ల మీదే ఉండి, కళ్లు మూయకుండా చూశాను.